కాకిబంగారం, కురువిందం: స్పార్కు ప్లగ్గు చరిత్ర

పాత మారుతి 800 కారు బానెట్టు ఎత్తి చూచినప్పుడు, రబ్బరు తొడుగులు వేసిన లావుపాటి తీగలు మూడు ఇంజను తలలోనికి పోయి ఉండడం కనబడుతుంది. ఒక తొడుగును పట్టి లాగితే దాని క్రింద తెల్లగా నిగనిగలాడే పింగాణి వంటి మొన ఒకటి బయట పడుతుంది. అదే స్పార్కు ప్లగ్గు. చేతి వ్రేలంత వస్తువు. దీని ధర తక్కువ, దీనిని గూర్చి ఆలోచించేవారు ఇంకా తక్కువ. బండి మొరాయించిన నాడే అది జ్ఞాపకం వస్తుంది.

ఈ చిన్న వస్తువు చేసే చాకిరీ ఎంతటిదో విద్యార్థులు పలక మీద లెక్క కట్టి చూడవచ్చును. నాలుగు ఘాతాల ఇంజనులో ఇరుసు రెండు చుట్లు తిరిగినప్పుడు ఒక్కొక్క సిలిండరులో ఒకసారి నిప్పురవ్వ పుట్టాలి. ఇరుసు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. ఒక్కొక్క ప్లగ్గు నిమిషానికి 1500 సార్లు, గంటకు 90 వేల సార్లు మెరవాలి. బండి గంటకు 60 కిలోమీటర్ల చొప్పున 20 వేల కిలోమీటర్లు నడిచే సరికి ఒక్కొక్క ప్లగ్గు సుమారు 3 కోట్ల రవ్వలు విడిచి ఉంటుంది. ప్రతి రవ్వ వెంటనే దాని ముక్కు చివర రెండు వేల డిగ్రీలకు మించిన మంట లేస్తుంది. ఆ వెంటనే చల్లని పెట్రోలు ఆవిరి వచ్చి తగులుతుంది. అంతలోనే మళ్ళీ మంట. ఇటువంటి చోట పదివేల వోల్టులకు మించిన విద్యుత్తును ప్రక్కదారి పట్టనీయకుండా నిలబెట్టవలెను. ఏ పదార్థం ఈ బాధను ఓర్చుకొంటుంది? స్పార్కు ప్లగ్గు చరిత్ర అంతా ఈ ప్రశ్నకు జవాబు వెదకడమే అనవచ్చును. ఆ వెదుకులాటలో మన దేశపు రాళ్ళు కూడ రెండు తగులుతాయి.

నిప్పురవ్వతో వాయువును మండించడం మోటారుకారు కంటె చాల పాత సంగతి. ఇటలీ దేశస్థుడైన వోల్టా, తన పేరు వోల్టుకు రాకముందే, సరస్సుల అడుగు బురద నుంచి బుడగలుగా పైకి వచ్చే వాయువును సీసాలలో పట్టి పరీక్షించినాడు. దానిని మనం ఇప్పుడు మీథేను అంటున్నాము. 1777 ప్రాంతంలో ఆయన ఆ వాయువును గాలితో కలిపి ఒక లోహపు పాత్రలో నింపి, మూతికి బిరడా బిగించి, లోపల విద్యుత్ స్ఫులింగం పుట్టించినాడు. ఢామ్మని ప్రేలి బిరడా ఎగిరిపోయినది. దీనికి విద్యుత్ పిస్తోలు అని పేరు. పాత్ర గోడను తాకకుండ తీగ లోనికి పోయేందుకు బంధకం ఒకటి, తీగ కొనకూ లోహానికీ నడుమ చిన్న ఎడం. నేటి ప్లగ్గులో ఉన్న అంగాలు కూడ ఇవే.

1807లో ఐజాక్ డి రివాజ్ అనే ఆయన ఇదే ఉపాయంతో హైడ్రోజను వాయువును ప్రేల్చి పిస్టనును ఎగదోసే బండి ఒకటి కట్టినాడు. అది కొద్ది గజాలు కదలడమే గొప్ప. పని చేసి అమ్ముడుపోయిన మొదటి యంత్రం 1860లో వచ్చినది. దానిని నిర్మించిన ఎతియెన్ లెన్వార్ బెల్జియంలో పుట్టి పారిస్‌లో స్థిరపడినవాడు. అతని యంత్రం దీపాలకు వాడే బొగ్గు వాయువును పీల్చుకొని, సగం దారిలో దానిని స్ఫులింగంతో మండించేది. స్ఫులింగానికి కావలసిన హెచ్చు వోల్టేజి రుమ్‌కార్ఫ్ చుట్ట నుంచి వచ్చేది. హైస్కూలు ప్రయోగశాలలలో ప్రేరణ చుట్ట అని చూపేది ఇదే. లావు తీగ చుట్లు కొన్ని, సన్న తీగ చుట్లు వేలకొద్ది ఒకే ఇనుప కడ్డీ మీద ఉంటాయి. లావు తీగలోని ప్రవాహాన్ని ఠక్కున త్రెంచితే సన్న తీగలో వేల వోల్టులు పుడతాయి. లెన్వార్ ప్లగ్గులో పింగాణి గొట్టం మధ్య నుంచి తీగలు పోయి సిలిండరులో తేలేవి. ప్లగ్గుకు జనకుడెవరని అడిగితే చాల పుస్తకాలు లెన్వార్ పేరు చెబుతాయి.

కాని లెన్వార్ తరువాత వచ్చినవారు ఈ మార్గాన్ని విడిచిపెట్టినారన్న సంగతిని ఆ పుస్తకాలు చెప్పవు. 1876లో నాలుగు ఘాతాల ఇంజనును సాధించిన ఆటో తన ఇంజనులో స్ఫులింగానికి బదులు మంటనే వాడినాడు. ఒక జారుడు పలక చిన్న దీపశిఖను సమయానికి సిలిండరు ద్వారం దగ్గరకు మోసుకొని పోయేది. డైమ్లర్ మరొక త్రోవ త్రొక్కినాడు. సిలిండరుకు ఒక సన్నని గొట్టం అతికించి, బయటి నుంచి దీపంతో దానిని ఎర్రగా కాల్చేవాడు. పిస్టను వాయువును నొక్కినప్పుడు అది ఆ ఎర్రని గొట్టంలోనికి చొచ్చి అంటుకొనేది. ఇది మొరటు పద్ధతి, గాలి వీస్తే దీపం ఆరిపోయేది, బండి బోల్తా పడితే అగ్నిప్రమాదమే. అయినా ఆనాటి బ్యాటరీలనూ బంధకాలనూ నమ్మడం కంటె మంటను నమ్మడమే మేలని వారికి తోచినది. అది తెలివి తక్కువ అనడానికి వీలు లేదు. కాని ఎర్రని గొట్టానికి ఎప్పుడు మండించాలో చెప్పే ఉపాయం లేదు. ఇంజను వేగం పెరిగినకొద్దీ మంటను కొంచెం ముందుగా రగిలించవలసి ఉంటుంది. ఆ ఆజ్ఞను మన్నించగలిగినది విద్యుత్తు ఒక్కటే.

ఈ సంగతి ఎరిగి మొదటి నుంచి విద్యుత్తునే పట్టుకొన్నవాడు కార్ల్ బెంజ్. 1886లో పేటెంటు పొందిన అతని మూడు చక్రాల బండిలో బ్యాటరీ, ప్రేరణ చుట్ట, ప్లగ్గు ఉన్నాయి. అతనికి అన్నిటికంటె ఎక్కువ తలనొప్పి తెచ్చినది ఈ రవ్వయే. 1888 ఆగస్టులో అతని భార్య బెర్తా, భర్తకు చెప్పకుండ, కొడుకులిద్దరినీ వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి ఆ బండిలో బయలుదేరినది. దారిలో స్ఫులింగపు తీగ మీది కప్పు అరిగిపోయి విద్యుత్తు దారి తప్పగా, ఆమె తన మేజోడు కట్టును విప్పి దానికి చుట్టి ప్రయాణం సాగించినదని చెబుతారు. మోటారు ప్రయాణాల చరిత్రలో మొదటి మరమ్మతులలో ఒకటి విద్యుద్బంధకం మరమ్మతే కావడం గమనింపదగినది.

1886లోనే రాబర్ట్ బాష్ అనే యువకుడు స్టుట్‌గార్ట్ నగరంలో చిన్న కర్మశాల తెరిచినాడు. మరుసటి సంవత్సరం ఒక ఖాతాదారు కోరగా ఒక మాగ్నెటో తయారు చేసి ఇచ్చినాడు. అయస్కాంతాల మధ్య చుట్టను త్రిప్పి విద్యుత్తు పుట్టించే యంత్రం అది, బ్యాటరీతో పని లేదు. నిజానికి దాని నమూనా బాష్ స్వంతం కాదు, మరొక కంపెనీ యంత్రాన్ని చూచి చేసినది. దాని వల్ల పుట్టే విద్యుత్తుకు వోల్టేజి తక్కువ. కనుక సిలిండరు లోపలనే రెండు లోహపు మొనలను కలిపి, మీటలతో ఠక్కున విడదీయవలసి వచ్చేది. విడిపోయేటప్పుడు రవ్వ పుట్టేది. నెమ్మదిగా తిరిగే పెద్ద ఇంజనులకు ఇది సరిపోయినది. నిమిషానికి వేయి చుట్లకు మించి తిరిగే బండి ఇంజనులో ఆ మీటలు అరిగి ఊగులాడేవి.

ఈ మీటలను తొలగించినవాడు గాట్లోబ్ హోనోల్డ్. కుర్రతనంలో ఆ కర్మశాలలోనే పని నేర్చుకొని, చదువు ముగించి ఇంజనీరుగా తిరిగి వచ్చినవాడు. ఒకే చుట్ట మీద లావు తీగ, సన్న తీగ రెండూ చుట్టి, మాగ్నెటో నుంచే నేరుగా వేల వోల్టులు వచ్చేటట్లు చేసినాడు. సిలిండరులో కదిలే భాగమంటూ లేకుండ, కేవలం ఎడం ఉన్న రెండు మొనల ప్లగ్గు చాలినది. 1902 జనవరిలో దీనికి పేటెంటు లభించినది. అంతకుముందే 1898లో టెస్లా, సిమ్స్, బాష్ ముగ్గురూ స్ఫులింగ పద్ధతులపై పేటెంట్లు తీసికొన్నారు. కాబట్టి ఒక్క పేరు చెప్పి ఇతడే జనకుడని పరీక్షలో మార్కు వేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. రవ్వను చూపినవాడు వోల్టా, ఇంజనులో పెట్టినవాడు లెన్వార్, నమ్మదగినదిగా చేసినవాడు హోనోల్డ్.

ఆ పిమ్మట ప్లగ్గుల వ్యాపారం జాతర వలె సాగినది. తంతి లేని వార్తల పరిశోధనలో ప్రసిద్ధుడైన సర్ ఆలివర్ లాడ్జి కుమారులు ఇంగ్లండులో ప్లగ్గుల కంపెనీ పెట్టినారు. తండ్రి కొడుకులిద్దరి విద్యకూ మూలం రవ్వే. ఆల్బర్ట్ ఛాంపియన్ అనే ఫ్రెంచి సైకిలు పందెగాడు అమెరికా వెళ్ళి 1905లో బోస్టనులో తన పేర ఒక కంపెనీ స్థాపించినాడు. కొద్దికాలానికి భాగస్వాములతో పొసగక ఫ్లింటు నగరం చేరినాడు. పాత కంపెనీ అతని ఇంటిపేరును వదలలేదు. అతడు పొడి అక్షరాలతో ఏసీ అనే కొత్త పేరు పెట్టుకొన్నాడు. ఆ విధంగా ఒకే మనిషి పేరున రెండు ప్లగ్గులు చాల దశాబ్దాలు ఒకదానితో ఒకటి పోటీ పడినాయి.

ఇక అసలు చిక్కు, బంధకం. మొదటి ప్లగ్గులలో వాడినది మామూలు పింగాణి. తెల్లమట్టి, చెకుముకి, ఫెల్‌స్పార్ కలిపి కాల్చినది. టీ కప్పుకు, టెలిగ్రాఫు స్తంభానికి అది బాగుంటుంది. ఇంజనులో రెండు విధాల ఓడిపోయినది. మొదటిది, వేడి చల్లదనాల మార్పుకు పగులుతుంది. రెండవది మరింత లోతైనది. పింగాణి కణాల నడుమ గాజు వంటి పదార్థం ఉంటుంది. దానిలోని సోడియం, పొటాషియం అయానులు చల్లగా ఉన్నప్పుడు కట్టుబడి ఉంటాయి. కొన్ని వందల డిగ్రీల వేడిలో అవి కదలసాగుతాయి. అప్పుడు బంధకమే వాహకమై, విద్యుత్తు ఎడం దాటి రవ్వగా దూకకుండ పింగాణి గుండానే జారిపోతుంది. చల్లని ఇంజనులో పనిచేసే ప్లగ్గు ఎత్తు ఎక్కేటప్పుడు చేతులెత్తేయడానికి ఇదొక కారణం.

అప్పుడు వారి చూపు అభ్రకం మీద పడినది. మన పల్లెలలో దీనిని కాకిబంగారం అంటారు. మెరుపే గాని విలువ లేదన్న అర్థంలో పెట్టిన పేరు. విద్యుత్ శాస్త్రం వచ్చిన తరువాత ఆ మాట తప్పిపోయినది. అభ్రకాన్ని కాగితం కంటె పలుచని పొరలుగా విడదీయవచ్చును. అది వంగుతుంది, పగలదు, వేడికి ఓరుస్తుంది, విద్యుత్తును పోనీయదు. ప్లగ్గు మధ్య కడ్డీకి పలుచని అభ్రకపు రేకును చుట్టి, దాని చుట్టూ వందలకొద్ది అభ్రకపు బిళ్ళలు గుచ్చి, గట్టిగా నొక్కి, నునుపుగా చెక్కేవారు. ఇంగ్లండులో కెనెల్మ్ లీ గిన్నెస్ అనే పందెపు కార్ల చోదకుడు, తన బండిలో పింగాణి ప్లగ్గులు నిలవక పోవడంతో విసిగి, ఇటువంటి అభ్రకపు ప్లగ్గులు తానే తయారు చేయించినాడు. అతని పేరులోని పొడి అక్షరాలతో కేఎల్‌జీ ప్లగ్గులు ప్రసిద్ధి కెక్కినాయి.

రేకు అభ్రకానికి ఆనాడు ప్రపంచంలో పెద్ద ఆధారం హిందూదేశమే. ఉత్తరాన కోడర్మా ప్రాంతం, దక్షిణాన పాత నెల్లూరు జిల్లాలోని గూడూరు, రాపూరు, సైదాపురం ప్రాంతం. నెల్లూరు అభ్రకానికి కొంచెం ఆకుపచ్చని జీర ఉంటుంది. గనుల దగ్గర షెడ్లలో కూర్చొని, కత్తితో అంచులు కోసి, పొరలు విడదీసి, పరిమాణాల వారీగా ఏరిన చేతులలో ఎక్కువ భాగం ఆడవారివి. ఆ రేకులు ఏ యంత్రంలోనికి పోతాయో ఆ చేతులకు తెలిసే అవకాశం లేదు. మాగ్నెటోలోని కండెన్సరుకూ అభ్రకమే కావాలి, విమానపు ప్లగ్గుకూ అభ్రకమే కావాలి.

1914లో యుద్ధం వచ్చేసరికి ఈ చిన్న వస్తువులే దేశాల ప్రాణాలకు ముడిపడినాయి. బ్రిటనులో వాడే మాగ్నెటోలలో చాల భాగం స్టుట్‌గార్ట్ నుంచి వచ్చేవి. శత్రుదేశం నుంచి సరుకు ఆగిపోగా, తామే తయారు చేసుకోవడానికి వారు నానా తంటాలు పడినారు. ఆనాటి యుద్ధవిమానాలలో కొన్నిటి ఇంజను మొత్తం గిరగిర తిరిగేది. వాటికి కందెనగా వాడినది ఆముదం. ఆముదం పెట్రోలులో సులభంగా కరగదు, అందుకని దానిని ఎంచుకొన్నారు. కాని ఆ ఆముదం మంటలో మాడి ప్లగ్గుల ముక్కుకు జిడ్డుగా పట్టేది. ఆకాశంలో ప్లగ్గు ఆగితే దిగి తుడిచే వీలు లేదు గదా. అభ్రకపు ప్లగ్గుకు పగుళ్ళ భయం లేదు గాని, పొరల నడుమకు నూనె దిగే భయం ఉండనే ఉన్నది.

అభ్రకాన్ని ఓడించినది వేడి కాదు, సీసం. 1921 డిసెంబరులో అమెరికాలో థామస్ మిడ్జిలీ అనే రసాయనవేత్త, పెట్రోలులో టెట్రా ఇథైల్ సీసం కొద్దిగా కలిపితే ఇంజనులో టకటక చప్పుడు ఆగుతుందని కనిపెట్టినాడు. 1923లో అది బజారుకు వచ్చినది. దానితో సంపీడనం పెంచవచ్చును, చిన్న ఇంజను నుంచి పెద్ద శక్తిని రాబట్టవచ్చును. విమానాలవారు దానిని కళ్ళకద్దుకొన్నారు. కాని మండిన సీసం ఆక్సైడుగా మారి, వేడి అభ్రకాన్ని తినివేసేది. 1930ల నాటికి క్రొత్త ఇంధనానికి క్రొత్త బంధకం కావలసి వచ్చినది. సీసం మనుషుల రక్తానికి, పిల్లల బుద్ధికి చేసిన కీడు ఇంతకంటె ఎంతో పెద్దది. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలిపిన పెట్రోలు అమ్మకం నిలిచిపోయినది. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో మానివేసినది.

అమెరికాలో కొందరు సిలిమనైటు జాతి ఖనిజాలతో గట్టి పింగాణి చేసినారు. జర్మనీలో సీమెన్స్ వారు ఒక అడుగు ముందుకు వేసి, మట్టినీ చెకుముకినీ దాదాపు పూర్తిగా వదలి, శుద్ధమైన అల్యూమినా పొడినే అచ్చులో నొక్కి కాల్చినారు. అల్యూమినా అంటే అల్యూమినియం ఆక్సైడు. ఇది కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. కరిగించకుండ, సుమారు 1600 డిగ్రీల కొలిమిలో పొడి రేణువులు ఒకదాని నొకటి అంటుకొని రాయి అయ్యేటట్లు చేయడమే వారి నేర్పు. దీనిలో కదిలే సోడియం దాదాపు లేదు కనుక ఎర్రగా కాలినా విద్యుత్తు జారదు. పింగాణి కంటె బలం ఎక్కువ, సీసానికి లొంగదు, పైగా వేడిని చాల త్వరగా లాగివేస్తుంది.

వారు ఆ పదార్థానికి కురువిందం పేరు కలిపి పేరు పెట్టినారు. కారణం, ప్రకృతిలో దొరికే స్ఫటిక అల్యూమినాకు యూరపు భాషలలోని పేరు కొరండం, ఆ మాట మన దక్షిణ దేశపు కురుందం, కురువిందం నుంచి పుట్టినదే. ఖమ్మం, అనంతపురం ప్రాంతాలలో కురువిందం దొరుకుతుంది. రత్నాలు సానబట్టేవారు దాని పొడిని తరతరాలుగా వాడినారు. దానిలో క్రోమియం లేశం చేరితే కెంపు, ఇనుము, టైటానియం చేరితే నీలం. ఏమీ చేరక తెల్లగా ఉంటే అది మారుతి కారులోని ప్లగ్గు. మధ్యలో ఉన్న ఆ తెల్లని భాగాన్ని ఇప్పటికీ చాలమంది పింగాణి అనే అంటారు. నేను కూడ ఈ వ్యాసం మొదట్లో పింగాణి వంటిది అన్నాను.

స్వతంత్రం వచ్చిన తరువాత 1951లో బాష్ సహకారంతో బెంగుళూరులో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ ఏర్పడినది. మైకో అనే పేరుతో దాని ప్లగ్గులు మన మెకానిక్ షెడ్లన్నిటికీ చేరినాయి. 2008లో ఆ కంపెనీ పేరు బాష్ అని మారినా, కొన్ని దుకాణాలలో మైకో ప్లగ్గు ఇమ్మని అడిగే పెద్దలు ఉన్నారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినది. మూడు సిలిండర్లు, 796 ఘన సెంటీమీటర్లు, అల్యూమినియం తల. 2014 జనవరిలో తయారీ ఆగింది గాని, బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. మూడే ప్లగ్గులు గనుక ఒకటి మానివేస్తే శక్తిలో మూడవ వంతు పోతుంది. బండి గుర్రంలా కుంటడం చోదకునికి వెంటనే తెలుస్తుంది.

ఇటువంటి పాత బండికి క్రొత్త ప్లగ్గు ఎంచుకొనేటప్పుడు పైన చెప్పిన చరిత్ర అంతా పెట్టె మీది అంకెలలో దాగి ఉంటుంది. బీపీఆర్6ఈఎస్ అన్న జపాను ప్లగ్గు గుర్తును ఉదాహరణగా తీసికొందాం. మొదటి బీ మరచుట్ల వ్యాసం 14 మిల్లీమీటర్లని చెబుతుంది. పీ అంటే బంధకపు ముక్కు ముందుకు పొడుచుకొని వచ్చినది. ఆర్ అంటే లోపల సుమారు 5 వేల ఓముల నిరోధం ఉన్నది. ప్రతి రవ్వ రేడియోలో ఒక టప్పు వినిపించే ప్రసార యంత్రమే గనుక, దానిని అణచడానికి ఈ నిరోధం. ఈ అంటే మరచుట్ల భాగం పొడవు 19 మిల్లీమీటర్లు. ఎస్ రాగి గర్భం గల సాధారణ రకం. నడుమ ఉన్న 6 వేడి తరగతి.

ఈ వేడి తరగతి దగ్గరే పొరపాట్లు ఎక్కువ. వేడి ప్లగ్గు అంటే వేడి రవ్వ నిచ్చే ప్లగ్గని చాలమంది అనుకొంటారు. రవ్వతో దీనికి సంబంధమే లేదు. బంధకపు ముక్కు పొడవుగా ఉంటే అందిన వేడి లోహపు కవచానికి చేరడానికి దూరం ఎక్కువ, కనుక ముక్కు వేడిగా ఉంటుంది. అది వేడి ప్లగ్గు. ముక్కు పొట్టిగా ఉంటే త్వరగా చల్లబడుతుంది, అది చల్లని ప్లగ్గు. ముక్కు కొన సుమారు 500 డిగ్రీలకు తగ్గితే మసి కాలిపోక పేరుకొంటుంది. మసి కార్బనే గనుక విద్యుత్తు దాని మీదుగా జారిపోతుంది. 900 డిగ్రీల ప్రాంతం దాటితే ముక్కే నిప్పుకణికె అయి రవ్వకు ముందే వాయువును అంటిస్తుంది. డైమ్లర్ ఎర్రని గొట్టం తిరిగి వచ్చినట్లే. అకాలపు మంట పిస్టనుకు చిల్లి పొడవగలదు. ఈ రెండు హద్దుల నడుమ ఉంచడమే తరగతి ఉద్దేశం.

కష్టమేమంటే, అంకెల దిశ కంపెనీకొక విధంగా ఉన్నది. ఎన్‌జీకే వారి గుర్తులో అంకె పెరిగితే ప్లగ్గు చల్లన. ఛాంపియన్ వారి గుర్తులో అంకె పెరిగితే వేడి. బాష్ వారు పూర్వం 145, 175, 225 అని వ్రాసేవారు, అంకె పెరిగితే చల్లన. తరువాత వాటినే వరుసగా 8, 7, 5 అని మార్చినారు, ఇప్పుడు అంకె పెరిగితే వేడి! ఒక కంపెనీ 7 దొరకకపోతే మరొక కంపెనీ 7 వేసికొనడం ఎంత సాహసమో దీనిని బట్టి తెలుస్తుంది. బండితో వచ్చిన పుస్తకంలో వ్రాసిన గుర్తును పట్టుకొని, వేరే కంపెనీది కావలిస్తే ఆ కంపెనీ పట్టికలో సమానమైనది చూచుకోవలెను. అన్నిటికంటె ప్రమాదమైనది మరభాగపు పొడవులో తప్పు. 12.7 మిల్లీమీటర్ల చోట 19 మిల్లీమీటర్లది బిగిస్తే అది లోనికి పొడుచుకొని పోయి పిస్టను వచ్చి కొట్టుకోవచ్చును. పొడవుకు బదులు పొట్టిది పెడితే, ఖాళీగా మిగిలిన మరచుట్లలో మసి పేరుకొని, రేపు సరియైన ప్లగ్గు వేయబోతే దిగదు.

ప్లాటినం, ఇరిడియం మొనల ప్లగ్గులు పాత బండికి వేయవచ్చునా అని అడుగుతారు. ఇరిడియం కరిగే వేడి 2446 డిగ్రీలు, నికెల్‌కు 1455 మాత్రమే. కాబట్టి ఇరిడియం మొనను సూది వలె సన్నగా చేయవచ్చును, సన్నని మొన నుంచి రవ్వ తక్కువ వోల్టులకే దూకుతుంది, లక్ష కిలోమీటర్ల దాకా అరగదు. తరగతి, పొడవు సరిపోతే హాని లేదు. కాని నికెల్ ప్లగ్గును తీయడానికి పది నిమిషాలు పట్టే బండిలో, దాని కంటె ఎన్నో రెట్లు ధర పెట్టడం నాకు లాభసాటిగా తోచదు. దాని బదులు పాత తీగలూ డిస్ట్రిబ్యూటరు మూతా మార్చుకొంటే ఎక్కువ ఫలం.

బిగించే పని చల్లని ఇంజను మీదే చేయవలెను. వేడి అల్యూమినియం మరచుట్లు మెత్తగా ఉండి ప్లగ్గుతో పాటు ఊడి రావచ్చును. తీగలను ఒక్కొక్కటిగా, తొడుగు పట్టుకొని తీయాలి, తీగ పట్టుకొని లాగరాదు. మూడూ ఒకేసారి తీస్తే ఏది ఎక్కడిదో మరచిపోయి, రవ్వ ఒక సిలిండరుకు పోవలసినది మరొకదానికి పోతుంది. ప్లగ్గు చుట్టూ చేరిన దుమ్మును ముందుగానే ఊది తుడవాలి, లేకపోతే అది రంధ్రంలో పడి సిలిండరు గోడను గీస్తుంది.

తీసిన ప్లగ్గులను సిలిండర్ల వరుసలోనే కాగితం మీద పెట్టి చూడండి. ముక్కు లేత గోధుమ లేక బూడిద రంగు ఉంటే ఆరోగ్యం. పొడి నల్లని మసి ఉంటే పెట్రోలు ఎక్కువగా పోతున్నది, లేదా ప్లగ్గు మరీ చల్లనిది. తడి నల్లని జిడ్డు అయితే కందెన నూనె పైకి వస్తున్నది, ఆ జబ్బు ప్లగ్గుది కాదు, ఇంజనుది. ముక్కు తెల్లగా సున్నం కొట్టినట్లుండి మొనలు కరిగినట్లుంటే వేడి మితిమీరినది. మూడింటిలో ఒక్కటే వేరుగా ఉంటే ఆ ఒక్క సిలిండరును చూపించాలి. ఇంజనును విప్పకుండ దాని కడుపులోని సంగతి చెప్పే నాలుక ఇది.

క్రొత్త ప్లగ్గు గ్యాపును ఫీలరు గేజి రేకుతో కొలవాలి. లోహపు బిందువులు మీటతో విడిపోయే పాత పద్ధతి బండ్లకు సాధారణంగా 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉంటుంది, ఎలక్ట్రానిక్ స్ఫులింగం వచ్చిన బండ్లకు 1 మిల్లీమీటరు పైన కూడ ఉండవచ్చును. పుస్తకంలో ఉన్నదే ప్రమాణం. సరిచేయవలసి వస్తే బయటి మొననే మెల్లగా వంచాలి, మధ్య మొనను త్రోయరాదు, కురువిందమైనా పక్కపోటుకు విరుగుతుంది. గ్యాపు సరిగా లేదేమో అన్న అనుమానంతో కొందరు ప్లగ్గును బయటే తీగకు తగిలించి రవ్వ చూచి తృప్తి పడతారు. బయటి గాలిలో 0.8 మిల్లీమీటర్ల ఎడం దాటడానికి సుమారు 3 వేల వోల్టులు చాలును. సిలిండరులో వాయువు నొక్కుకొని చిక్కబడి ఉంటుంది, అక్కడ అదే ఎడానికి పదివేలకు పైగా కావాలి. బయట మెరిసినది లోపల మెరవక పోవచ్చును.

ప్లగ్గును మొదట పానాతో తాకరాదు. వ్రేళ్ళతో, లేదా చివరకు తొడిగిన రబ్బరు గొట్టంతో, నిటారుగా పెట్టి తిప్పాలి. అడ్డంగా ఎక్కితే రబ్బరు గొట్టం జారిపోతుంది, పానా అయితే జారదు, అల్యూమినియం మరలను కోసుకొంటూ పోతుంది. వ్రేళ్ళతో పూర్తిగా దిగి వాషరు ఆనిన తరువాతనే పానా. టార్కు రెంచి ఉంటే 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు అల్యూమినియం తలలో 25 నుంచి 30 న్యూటను మీటర్లు. లేకపోతే క్రొత్త వాషరు గల ప్లగ్గును అర నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. ఒక చుట్టుకు మర 1.25 మిల్లీమీటర్లు దిగుతుంది గనుక, అర చుట్టు అంటే వాషరు సుమారు 0.6 మిల్లీమీటరు నలగడం. వేడి ప్లగ్గు నుంచి తలలోనికి పోయే దారులలో ఈ నలిగిన వాషరు ముఖ్యమైనది. అది సరిగా నలగక వదులైతే సరియైన తరగతి ప్లగ్గు కూడ మితిమీరి వేడెక్కుతుంది. వాడిన ప్లగ్గునే మళ్ళీ బిగిస్తే వాషరు అప్పటికే నలిగి ఉంటుంది, పన్నెండవ వంతు చుట్టు చాలును.

మార్చిన పాత ప్లగ్గును పారవేయకుండ పాఠశాలకు తీసికొని పోతే ఒక చిన్న ప్రయోగానికి పనికి వస్తుంది. దానిని గుడ్డలో చుట్టి, కళ్ళకు అద్దాలు పెట్టుకొని ఉపాధ్యాయుడే సుత్తితో పగులగొట్టాలి. తెల్లని బంధకపు ముక్క వాడి అంచుతో గాజు పలక మీద గీస్తే లోతైన గీత పడుతుంది. టీ కప్పు పెంకుతో కూడ గీచి, రెండు గీతలనూ భూతద్దంలో పోల్చి చూడవచ్చును. ఖనిజాల కాఠిన్యపు పట్టికలో వజ్రం 10, కురువిందం 9, చెకుముకి 7.